పదకొండు రోజుల కామెర్లు

మా పిల్లల ఆటో అన్న పోయాడు. మొన్న సోమవారం పొద్దున నేను వర్ని బస్సులో ఉండగా మా అబ్బాయి ఫోన్ చేశాడు. మామూలుగా వాడు ఏ సంగతైనా చుట్టూ తిప్పి తిప్పి చెబుతాడు. ఆ రోజు మాత్రం "అమ్మా, ఆటో కాక పోయిండు" అని, నేను ఎట్లా, ఎప్పుడు అని అడిగేలోగానే పెట్టేశాడు. పొద్దున్నే ఆటో కడిగి, అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడని తరువాత తెలిసింది. నిజామాబాద్ ఆసుపత్రి దాకా కూడా పోలేదు, దారిలోనే అయిపోయింది. యాభై రెండేళ్ల మనిషి.

నేను అక్కడే బస్సు దిగి బోధన్‌కు వెనక్కి రావాల్సింది. రాలేదు. బడికి పోయాను, రెండు క్లాసులు చెప్పాను, ఆ తరువాతే సెలవు పెట్టాను. పని మీద శ్రద్ధ అనుకునేరు, కాదు. ఆయన ముఖం చూడడానికి భయమేసింది. ఆరేళ్ల కింద ఆయన్ని నేనొక మాట అన్నాను. తప్పయిందని చెప్పాల్సి ఉండగా రేపు, మాపు అంటూ ఆరేళ్లూ గడిపేశాను. ఇప్పుడు వినడానికి ఆయన లేడు. అందుకని మీకు చెబుతున్నాను.

నేను వర్నిలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయన కరెంటు శాఖలో, డ్యూటీ బాల్కొండ వైపు. ఇద్దరం ఎనిమిది కాకముందే ఇల్లు వదలాలి. పిల్లలిద్దరినీ బోధన్‌లోనే ఒక ప్రైవేటు బడిలో వేశాం. వాళ్లను ఇంటి ముందు ఎక్కించుకుని, బడి ముందు దింపి, సాయంత్రం మళ్లీ తెచ్చి అప్పజెప్పేది ఆటో అన్న. నాకు అన్న, పిల్లలకు కాక.

పొట్టి మనిషి. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉండేది, ఎవరు ఎక్కినా చేతిలో నాలుగు గింజలు పెట్టేవాడు. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగడం ఆగిపోయి ఏళ్లయినా ఆయన గడియారం దాంతోనే నడిచేది. "సైరన్ కంటె ముందే వస్త మేడం, పిల్లల్ని తయారుంచుండ్రి" అనేవాడు. అబద్ధాలు అలవోకగా ఆడేవాడు, అదీ చెప్పాలి. ఎప్పుడు ఆలస్యమైనా చెరుకు లారీ అడ్డమొచ్చిందనేవాడు. ఒకసారి జూలై నెలలో పట్టుకుని, "చెరుకు కొట్టే కాలమే కాదు, లారీ ఎక్కడిదన్నా?" అని నిలదీశాను. "నిరుడు బయలెల్లిన లారీ మేడం, ఇయ్యాల్ల చేరింది" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. నాకే నవ్వొచ్చి ఊరుకున్నాను.

మా అబ్బాయి పెద్దవాడు, అమ్మాయి వాడికన్నా ఏడాదిన్నర చిన్నది. అబ్బాయికి అక్షరాలు రావని కాదు, వస్తాయి. కాని చదవమంటే ఒక్కో మాట దగ్గరా ఆగి, కూడబలుక్కుని, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవాడు. అదే పాఠం మనం చదివి వినిపిస్తే మొత్తం అప్పజెప్పేవాడు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా వాడిది బద్ధకమే అనుకున్నాను. అమ్మాయికి ఎవరూ చదవడం నేర్పలేదు. అన్నకు నేను చెబుతుంటే పక్కన కూర్చుని విని, బడిలో వేయకముందే నేర్చేసుకుంది. ఇంటికొచ్చిన చుట్టాలు దాని చేత పేపరు చదివించి, మెచ్చుకుని, ఆ తరువాత వాడి వైపు చూసేవాళ్లు. నేనూ చూసేదాన్ని.

వాడు ఆరో తరగతికి వచ్చిన ఏడు నేనొక పని చేశాను. నాలుగు పాసైన అమ్మాయిని ఐదు చదివించకుండా నేరుగా ఆరులో వేయించాను. బడివాళ్లు మొదట తటపటాయించారు, పరీక్ష పెట్టి చూసి ఒప్పుకున్నారు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే బెంచీ. అన్నకు అర్థం కానిది చెల్లి చెబుతుంది. ఇంట్లో ఒకేసారి ఇద్దరికీ చెప్పుకోవచ్చు. అమ్మాయికి ఒక ఏడాది కలిసొస్తుంది. పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్న దాన్ని, ఈ లెక్క ఎటు నుంచి చూసినా నాకు సరిగ్గానే కనిపించింది. డబుల్ ప్రమోషన్ అని స్టాఫ్ రూములో మిఠాయి కూడా పంచాను.

బడి తెరిచిన మొదటి రోజు, పిల్లలు ఎక్కిన తరువాత ఆటో అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"ఇద్దర్ని ఒక్క క్లాసుల ఎందుకేసిండ్రు మేడం?"

"ఒకరికొకరు తోడుంటరని అన్నా."

ఆయన ఇంకేదో అనబోయాడు. నాకు బస్సు టైం అవుతోంది. అది చూసి ఆగిపోయి, ఆటో స్టార్టు చేసుకుని వెళ్లాడు.

రెండు నెలలు గడిచాయి. అబ్బాయి ఇంట్లో మాట్లాడడం తగ్గించాడు. పెద్దవాడవుతున్నాడు కదా అనుకున్నాను. ఒక సాయంత్రం బస్టాండు దగ్గర కూరగాయలు కొంటుంటే, పిల్లల క్లాసు టీచర్ ఎదురైంది. "బాబుకు కామెర్లు తగ్గినయా మేడం? పదకొండు రోజులాయె గదా" అంది.

నాకా సంగతే తెలియదు. కాని టీచర్ని కదా, తెలియదని ఎట్లా అనను? "తగ్గుతున్నయి" అని నేనూ అబద్ధమాడాను. ఆమె జాలిగా తల ఊపి, "పథ్యం బాగ చేపిస్తున్నరట గదా, పాప చెప్పింది" అంది. కామెర్ల మాట ముందు చెప్పింది ఆటో డ్రైవరట. అవునని వంత పాడింది నా కూతురు.

ఇంట్లో ఏమీ అనలేదు. మర్నాడు మామూలుగా ఇద్దరినీ ఆటో ఎక్కించి, సెలవు పెట్టి, పదింటికి ఆటో అడ్డాకు పోయాను. మా అబ్బాయి ఆటో వెనక సీట్లో కాళ్లు మడుచుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురు డ్రైవర్లు. చేతులు తిప్పుతూ వాళ్లకు ఏదో కథ చెబుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. వాడూ నవ్వుతున్నాడు. ఇంట్లో వాడు నవ్వి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. నిజం చెబుతున్నాను, బడి ఎగ్గొట్టినందుకు కన్నా ఆ నవ్వుకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

ఆటో అన్న నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏం జరిగిందో చెప్పడానికి నోరు తెరిచాడు. నేను చెప్పనివ్వలేదు. అడ్డా మొత్తం వినేట్లు అరిచాను. "పిల్లల్ని దింపమన్న, దాచిపెట్టమనలే. నా పిల్లల చదువు పాడు చేసెటందుకు నువ్వెవరు? చదువు రానోడివి, చదువు సంగతి నీకేం తెలుస్తది?"

ఆయన ముఖం ఎర్రబడలేదు, కోపం రాలేదు. నా పక్కకు చూశాడు. అక్కడ మా అబ్బాయి ఆటో దిగి నిలబడి ఉన్నాడు.

"మేడం, నన్ను ఎన్నన్న అనుండ్రి" అన్నాడు మెల్లగా. "పిల్లగాని ముందట గా మాట వద్దు."

వాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను. రేపటి నుంచి రావొద్దని చెప్పాను. ఆయన చేసింది తప్పు కాదని ఇప్పటికీ అనను. తల్లికి తెలియకుండా పిల్లవాణ్ణి పదకొండు రోజులు దాచడం తప్పే. కాని ఆ రోజు నేనన్న మాట ఇద్దరికి తగిలింది. అది నాకు అప్పుడు తోచలేదు. చదువు రానివాళ్లు అంటే ఆ అడ్డా మీద ఆయన ఒక్కడే అనుకున్నాను.

పిల్లలకు వ్యాను మాట్లాడాను. రోజూ నేనే దగ్గరుండి ఎక్కించాను. అబ్బాయి బడికి పోయేవాడు, గేటు దగ్గర వాంతి చేసుకునేవాడు, అయినా పోయేవాడు. నాలుగో రోజు సాయంత్రం ఆటో అన్న మా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"నన్ను పనిల పెట్టుకోమని రాలే మేడం. చిన్న బిడ్డ పరీక్ష పేపర్లు జర తీసి సూడుండ్రి. గంతే."

"నా బిడ్డ పేపర్లు నేను చూసుకుంట" అని గేటు వేసేశాను.

వేశానే కాని ఆ మాట లోపల తొలుస్తూనే ఉంది. అమ్మాయికి మార్కులు తగ్గుతున్నాయి. పాతికకు పాతిక తెచ్చుకునే పిల్ల తొమ్మిది, ఏడు తెస్తోంది. పెద్ద క్లాసు కదా, అలవాటవుతుందిలే అని నేను పట్టించుకోలేదు. ఆదివారం పొద్దున లెక్కల స్లిప్ టెస్టు కాగితాలు తీశాను. అది ఇంకా పెన్సిల్‌తోనే రాస్తోంది, గట్టిగా ఒత్తి రాస్తుంది. రబ్బరుతో చెరిపినా గాటు పోదు. ఒక కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూశాను. తప్పు జవాబు కింద సరైన జవాబు ఉంది. రెండో లెక్కలోనూ అంతే. మూడో దాంట్లోనూ అంతే. మొత్తం సరిగ్గా చేసి, కూర్చుని, ఒక్కొక్కటే చెరిపి, తప్పులు రాసింది.

పిలిచి అడిగాను. కాలి బొటనవేలు చూసుకుంటూ అంది:

"రైట్ రాస్తె అన్నను కొట్టమంటరు."

అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. ఆ క్లాసులో లెక్కల సార్ పద్ధతి ఒకటుంది. ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్ల నెత్తిన మొట్టికాయ వేయాలి. అందరికన్నా ముందు జవాబు చెప్పేది మా అమ్మాయి. అందరికన్నా చివర మిగిలేది మా అబ్బాయి. మొదటిసారి మెల్లగా వేసిందట. సార్ చూసి, ఇది మొట్టికాయ కాదు, ముద్దు అని అందరినీ నవ్వించి, మళ్లీ గట్టిగా వేయమన్నాడట. వేసింది. ఆ మర్నాటి నుంచే మా అబ్బాయి ఆటో దిగలేదు. అన్న లేనప్పుడు కూడా అది జవాబులు చెరిపేస్తూనే ఉంది, అన్న తిరిగొచ్చేసరికి తను అలవాటు పడి ఉండాలని.

ఆ మొట్టికాయల పద్ధతి విని నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. నా క్లాసులోనూ అదే నడిచేది. పద్నాలుగేళ్లుగా నేనూ వేయించాను. నా చిన్నప్పుడు మా సార్లు నా చేత వేయించారు. అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఒకే క్లాసులో ఉన్నవాళ్లు నా దగ్గరా ఉండేవాళ్లు. వాళ్ల చేత కూడా వేయించానా అని ఆ రోజంతా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. వేయించాను.

అదే ఆదివారం ఆటో అన్న ఇల్లు వెతుక్కుంటూ పోయాను. గల్లీలో ఆటో కడుగుతున్నాడు. నన్ను చూసి తడి చేతులు చొక్కాకు తుడుచుకుని కుర్చీ వేశాడు. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. తప్పయిపోయింది అనే మాట ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే నోట్లో పెట్టుకుని వచ్చాను. దాని బదులు, "నా బిడ్డ జవాబులు చెరుపుతున్నదని మీకెట్ల తెలిసె అన్నా?" అని అడిగాను.

"అద్దంల కనవడ్డది మేడం. సాయంత్రం ఆటోల గూసొని హోంవర్క్ గుడ చెరుపుతుండె."

"నాకప్పుడే చెప్పొద్దా?"

"చెప్పాలె. భయమైంది. చెప్తె మీరు పోయి బడిల లొల్లి జేస్తరు, గా సారు ఇంకింత కొట్టిపిస్తడు అనుకున్న. పిల్లగాడు రెండొద్దులు నాతోని ఉంటె మనసు నిమ్మలమైతదని జూసిన. రెండొద్దులు పదకొండాయె."

ఆ తరువాత తనంతట తనే చెప్పాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ అట్లాగే వినిపిస్తాయి.

"మాది నవీపేట్ పక్కకు. మా అన్న నాకన్న రెండేండ్లు పెద్ద. ఆయనకు సదువు రాకపోతుండె. తమ్ముణ్ణి జూసి నేర్సుకుంటడని నన్ను దెచ్చి ఆయన క్లాసులనే గూసోవెట్టిండ్రు. నేను ఫస్టు మేడం, ఏడో తరగతి దాంక క్లాసుల నేనే ఫస్టు. సారు నాతోని మా అన్నకు చెవు పిండిపిస్తుండె. నేను పిండిన. సారు మెచ్చుకోవాల్నని గట్టిగ పిండిన. ఒకనాడు మా అన్న టేషనుకు పోయి నాందేడ్ బండెక్కిండు. మల్ల రాలే. ఆయన పోయినంక నాకు బడిల పానం వట్టలే. నేను గుడ బంద్ జేసిన."

చదువు రానోడివి అని నేనన్నది క్లాసు ఫస్టును. ఆయన ఆ మాట ఎత్తలేదు. చాయ్ చల్లారుతుంది తాగుండ్రి అన్నాడు. తాగాను. రేపటి నుంచి మళ్లీ రమ్మన్నాను. వస్తానన్నాడు. నోట్లో పెట్టుకుని పోయిన మాట నోట్లోనే పెట్టుకుని తిరిగొచ్చాను. ఆయన మళ్లీ వస్తున్నాడంటే క్షమించినట్లేలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ వారమే అమ్మాయిని ఐదో తరగతికి పంపించాం. మిఠాయి తిన్నవాళ్లందరూ ఫెయిలైందా అని అడిగారు. అబ్బాయిని నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించాం. తెలివికి లోటు లేదని, చదవడం ఒక్కటే నిదానమని, ప్రశ్న చదివి వినిపించి జవాబు అడగమని, ఇదేమీ బద్ధకం కాదని ఆయన చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు మా అబ్బాయి నా ముఖంలోకి చూశాడు. అబ్బాయికి బడి కూడా మార్చాం. ప్రశ్నలు చదివి వినిపించడానికి ఒప్పుకున్న చిన్న బడి దొరికింది.

అప్పటి నుంచి ఆటో అన్న పిల్లలిద్దరినీ కలిపి తీసుకెళ్లడం మానేశాడు. ముందు ఒకరు, తరువాత ఒకరు. రెండు ట్రిప్పులెందుకన్నా, దారి ఒకటే కదా అంటే, "ఎవలి పొద్దు వాళ్లకు ఉండాలె మేడం" అన్నాడు. సాయంత్రం వచ్చేటప్పుడు ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న అడిగేవాడు. అమ్మాయిని, "ఇయ్యాల్ల నీకేం రాలే బిడ్డా?" అని అడిగేవాడు. అబ్బాయిని, "ఇయ్యాల్ల ఎవలికేం చెప్పినవ్ బిడ్డా?" అని.

అమ్మాయి మొదట్లో ఏడ్చింది. అన్నీ వచ్చినయంటే ఊరుకునేవాడు కాదు, వెతుకు అనేవాడు. తాడాట రాలేదని ఒకరోజు, పాట మధ్యలో గొంతు ఆగిపోయిందని ఒకరోజు, అలా దానికి రానివి కూడా ఉంటాయని, ఉంటే ఏమీ కాదని మెల్లగా అలవాటైంది. అబ్బాయి, "ఎవ్వరికేం చెప్పలే" అనేవాడు. "అయితె నాకు చెప్పు" అని ఆటో పక్కకు ఆపేవాడు. ఊపిరితిత్తులు ఎట్లా పనిచేస్తాయో మావాడు విన్నది విన్నట్లు చెబుతుంటే, వెనక చెరుకు లారీలు హారన్లు కొడుతున్నా కదిలేవాడు కాదు. అప్పట్లో ఆయన ఆలస్యానికి లారీల మాట కొంత నిజమే అన్నమాట.

నాకు మాత్రం పాఠం ఒక్కటే చెప్పాడు. ప్రోగ్రెస్ కార్డులు వచ్చిన రోజు వాకిట్లో నిలబడి ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే, ముందు ఒకదాన్ని లోపల పెట్టి రమ్మన్నాడు. "ఒకటి సూసినంక ఒకటి సూడుండ్రి మేడం. రెండు ఒక్కసారి సూస్తె రెండిట్ల ఒక్కటే కనవడతది."

ఏటా ఎండాకాలం సెలవుల్లో నాందేడ్ పోయి వచ్చేవాడు. పాత ఫొటో ఒకటి పట్టుకుని స్టేషను దగ్గర, గురుద్వారాలో భోజనాల వరుసల దగ్గర, మార్కెట్లో తిరిగేవాడు. తిరిగొచ్చాక ఏమైందని నేను అడిగేదాన్ని. ఒకసారి ఇట్లా అన్నాడు: "దొరకలే మేడం. దొరుకుతడని గుడ భయమే. దొరికితె ఏం మాట్లాడాలె? చెవు నొచ్చిందా అని అడగాల్నా?"

తరువాత అంతా చక్కబడిందని మీరు అనుకుంటే నాకు బాగుండేది. చక్కబడలేదు. మా అబ్బాయి పదో తరగతి రెండుసార్లు తప్పాడు, ఇప్పుడు ఓపెన్ స్కూల్లో రాస్తున్నాడు. కొన్ని రోజులు గదిలోంచి బయటికి రాడు. అమ్మాయి నిజామాబాద్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. మార్కులొస్తే ఫోన్ చేసి చెబుతుంది, చివర "అన్నకు చెప్పకమ్మా" అంటుంది. కాగితం మీద చెరపడం మానింది, అంతే. వాడు గదిలోంచి రాని రోజుల్లో ఆటో అన్న వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. పిలిచేవాడు కాదు. సోంపు నములుతూ, ఫోన్‌లో ఎవరితోనో చెరుకు లారీ అడ్డమొచ్చిందని అబద్ధం చెబుతూ కూర్చునేవాడు. ఎప్పుడో ఒకప్పుడు తలుపు తీసుకునేది.

ఆయన్ని చివరిసారి చూసింది పోయిన నెలలో. బస్టాండులో నా బస్సు కదులుతోంది. అడ్డా మీంచి చెయ్యెత్తి, "పిల్లగాడు ఎట్లున్నడు మేడం?" అని కేకేశాడు. "మంచిగున్నడు అన్నా, బస్సు పోతున్నది" అని ఎక్కేశాను. ఒక్క బస్సు వదిలేస్తే ఇంకో అరగంటకు ఇంకో బస్సు ఉంది.

పోయిన ఐదో రోజు ఆటో అడ్డా దగ్గరే సంతాప సభ పెట్టారు. ఆటోలన్నీ ఒక వారకు తీసి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. మేమిద్దరం వెనక వరుసలో కూర్చున్నాం. డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. ఆయన భార్య ముందు వరుసలో తల వంచుకుని కూర్చుంది. తరువాత మా అబ్బాయి లేచాడు. వాడు మాట్లాడతాడని నాకు తెలియదు. చేతిలో కాగితం ఉంది. వాడు చెబుతుంటే చెల్లి రాసిపెట్టిందట.

మైకు దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం గట్టెక్కాడు. రెండో దాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాడు. కాగితం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. రోడ్డు మీద నిజామాబాద్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎవరో దగ్గారు. నా పక్కన అమ్మాయి చున్నీ కొస నోట్లో కుక్కుకుంది. ఆ కాగితం రాసింది అదే, ఆ మాటేమిటో దానికి తెలుసు. అందించలేదు.

కొంతసేపయ్యాక వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు చదువుడు రాదు. నోటితోనే చెప్త" అన్నాడు. "నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు పదకొండు రోజులు ఈ అడ్డ మీదనే ఉన్న. కాక నన్ను దాసిపెట్టిండు. మా అమ్మ వచ్చి ఇక్కడనే నిలవడి కాకను చదువు రానోడివి అన్నది. కాక క్లాస్ ఫస్ట్. గా సంగతి ఆ రోజు ఆయన చెప్పలే. ఎందుకు చెప్పలే కాకా అని తర్వాత ఒకనాడు అడిగిన. 'నాకు చదువొచ్చు అని నేనంటె, గా మాట నీ ఒక్కని మీదనే పడుతుండె బిడ్డా' అన్నడు."

అంతే చెప్పి మైకు ఇచ్చేశాడు. నా వైపు చూడలేదు. కాని కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఆయన భార్య కూడా తిరిగింది. నేను లేచి నిలబడ్డాను. తప్పయిందని చెప్పాలనే లేచాను. అట్లాగే నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు.